గినీపందుల గూటిలో పెద్దరికం

జంతువులలో ఆధిపత్యం అనగానే చాలామంది ఊహకు మొదట వచ్చేవి సింహాలు, ఏనుగులు, పోట్లగిత్తలు. కోరలు లేని, కొమ్ములు లేని, గడ్డిపరకలు నములుతూ కాలం గడిపే చిన్న ప్రాణుల మధ్య కూడా ఎవరు ముందు, ఎవరు వెనుక అనే లెక్క ఉంటుందని సాధారణంగా తోచదు. గినీపందులను పెంచుకొనేవారికి ఈ విషయం ఒకనాడు హఠాత్తుగా ఎదురవుతుంది. నిన్నటివరకు పక్కపక్కన మేత మేసిన రెండు ప్రాణులలో ఒకటి నడుము ఊపుతూ గురగురలాడుతుంది. రెండవది పండ్లు పటపట కొరుకుతుంది. మొదటిది దాని వీపు మీదికి ఎక్కుతుంది, గూడంతా తరుముతుంది. రెండవది కీచుమని అరుస్తూ మూలకు పరుగెత్తుతుంది. చూచినవారు భయపడి వాటిని విడదీసి రెండు పంజరాలలో ఉంచుతారు. ఆ క్షణంలో అది దయగల పనిగానే కనిపిస్తుంది. అయితే ఆ దయ ఫలితంగా రెండు ప్రాణులూ తమ శేషజీవితాన్ని ఒంటరిగా గడపవలసి రావచ్చు. గూటిలో జరిగినది నిజమైన పోరాటమా, లేక ఒక ఒప్పందానికి వచ్చే ప్రయత్నమా అని గుర్తించగలగడం మీద వాటి బ్రతుకు ఆధారపడి ఉంటుంది.

'గినీపంది' అనే పేరు రూఢిపదానికి చక్కని ఉదాహరణ. ఈ ప్రాణికి ఆఫ్రికాలోని గినీ దేశంతో సంబంధం లేదు. పందిజాతితో అసలే లేదు. ఎలుక, ఉడుత మొదలైన కొరికి తినే జంతువుల వర్గానికి చెందినది ఇది. దీని శాస్త్రీయనామం 'కేవియా పోర్సెల్లస్'. అందులోని రెండవ మాటకు లాటిన్ భాషలో 'చిన్న పంది' అని అర్థం. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దీనిని తన వర్గీకరణలో చేర్చినప్పుడు కూడా ఆ పందిపిల్ల పేరును విడిచిపెట్టలేదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతం. పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాలలోని కొండజాతుల ప్రజలు దీనిని వేల సంవత్సరాల క్రితమే మచ్చిక చేసుకొన్నారు. ఆహారం కోసం వంటయింటి మూలలో పెంచేవారు. ఆ పద్ధతి నేటికీ అక్కడి పల్లెలలో ఉన్నది. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ దేశీయులు ఆ ప్రాంతాన్ని ఆక్రమించిన తరువాత ఇది ఓడలెక్కి ఐరోపా చేరింది. 1554లో స్విట్జర్లాండు పండితుడు కోన్రాడ్ గెస్నర్ తన గ్రంథంలో దీనిని వర్ణించాడు.

ఐరోపాలో దీనికి రెండు స్థానాలు లభించాయి. ఒకటి పిల్లల ఒడి, రెండవది ప్రయోగశాల. క్షయవ్యాధి క్రిమిని గురించి 1882లో ప్రకటించిన రాబర్ట్ కాక్ తన పరిశోధనలో గినీపందులను ఉపయోగించాడు. 1907లో నార్వే దేశస్థులైన హోల్స్ట్, ఫ్రోలిక్ అనే శాస్త్రజ్ఞులు వీటికి కూడా మానవుల వలె స్కర్వీ వ్యాధి వస్తుందని కనుగొన్నారు. విటమిన్ 'సి'ని తమ శరీరంలో తయారు చేసుకోలేని కొద్ది జంతువులలో ఇదొకటి. ఈ చరిత్ర వలననే ఏ ప్రయోగానికైనా గురి అయిన మనిషిని గినీపిగ్ అనడం లోకంలో వాడుక అయింది. ఒక విషయం గమనించదగినది. దీని శరీరాన్ని గురించి శాస్త్రానికి తెలిసినంత త్వరగా దీని సంఘాన్ని గురించి తెలియలేదు. బోనులో ఒక్కొక్కదానిని విడివిడిగా ఉంచి చూచినంతకాలం అది ఎలా తెలుస్తుంది?

సంఘజీవనం దీనికి పూర్వుల నుండి వచ్చినది. దక్షిణ అమెరికా గడ్డిమైదానాలలో నేటికీ జీవించే అడవి కేవియాలు చిన్న చిన్న కుటుంబాలుగా ఉంటాయి. ఒక మగది, ఒకటి లేక కొన్ని ఆడవి, వాటి పిల్లలు కలిసి ఒక బృందం. ఎత్తైన గడ్డి మధ్య సన్నని దారులు చేసుకొని, ఉదయసంధ్యలోను సాయంసంధ్యలోను బయటికి వచ్చి మేస్తాయి. గ్రద్ద, నక్క వంటి శత్రువుల నుండి తప్పించుకోవడానికి వాటికున్న ఆయుధాలు రెండే: చెవులు, కాళ్ళు. నాలుగు జతల కళ్ళు, నాలుగు జతల చెవులు కలిసి కాపలా కాస్తే ఒక్కొక్కటి తలవంచి నిశ్చింతగా మేయగలదు. తోడులేని కేవియాకు ఆ నిశ్చింత లేదు. నగరంలోని అపార్టుమెంటు గదిలో గ్రద్ద లేకపోవచ్చు. అయినా ఒంటరితనాన్ని ప్రమాదంగా భావించే స్వభావం మాత్రం ఆ చిన్న శరీరంలో అలాగే ఉన్నది.

కలిసి ఉండవలసిన ప్రాణులకు మేత ఒక్కటే, నీడ ఒక్కటే, దారి ఒక్కటే. ప్రతి పూటా ప్రతి పరకకూ పోట్లాడుకొంటే ఎవరికీ మేత మిగలదు. అందుకే చాలా సంఘజీవులలో ఒక వరుస ఏర్పడుతుంది. ఈ విషయాన్ని మొదట శాస్త్రీయంగా వివరించినవాడు నార్వే దేశానికి చెందిన షెల్డెరుప్ ఎబ్బే. అతడు పరిశీలించినవి ఇంటి పెరటిలోని కోళ్ళు. ఏ కోడి ఏ కోడిని పొడవగలదు, ఏది ఎవరి పోటుకు తలవంచుతుంది అనే క్రమం గుంపులో స్థిరంగా ఉంటుందని అతడు 1920ల తొలినాళ్ళలో ప్రకటించాడు. ఆ తరువాత జంతుప్రవర్తన శాస్త్రంలో 'పొడుపు వరుస' అనే భావన స్థిరపడింది. ఇందులో అసలు విశేషం పొడవడంలో లేదు. వరుస ఒకసారి నిశ్చయమైన తరువాత పొడవవలసిన అవసరం తగ్గిపోవడంలో ఉన్నది.

ప్రాచీన నీతిశాస్త్రాలు మాత్స్యన్యాయాన్ని గురించి చెప్పాయి. దండనీతి లేనిచోట పెద్ద చేప చిన్న చేపను మ్రింగుతుందని దాని భావం. పంచతంత్ర కథలు జంతువులకు రాజును, మంత్రులను, కొలువును కూడా కల్పించాయి. చిన్నయసూరి 'నీతిచంద్రిక' చదివినవారికి పింగళకుడు, కరటక దమనకులు మానవులంత పరిచితులు. ఆ కథల ప్రయోజనం వేరు, అవి మానవులకు రాజనీతి నేర్పడానికి పుట్టినవి. గినీపందుల గూటిని చూచేటప్పుడు మాత్రం ఈ రెండు ఊహలనూ కొంతసేపు పక్కన పెట్టవలసి ఉంటుంది. ఆ గూటిలో పెద్దది చిన్నదానిని మ్రింగదు, ఆజ్ఞలూ ఇవ్వదు. దానికి లభించేది కేవలం ముందుగా వెళ్ళే హక్కు. తొట్టి దగ్గరకు ముందు వెళ్తుంది, ఇష్టమైన మూలలో పడుకొంటుంది, ఎదురుపడినప్పుడు రెండవది పక్కకు తప్పుకొంటుంది. తెలుగులో దీనికి తగిన మాట అధికారం కాదు, పెద్దరికం.

ఈ పెద్దరికాన్ని నిర్ణయించుకొనే భాష చాలా వివరమైనది. అందులో మొదటి మాట వాసన. కొత్తగా కలిసిన రెండు గినీపందులు ఒకదాని ముక్కును, వెనుక భాగాన్ని మరొకటి వాసన చూస్తాయి. శరీరం వెనుక భాగాన్ని నేలకు రాస్తూ నడిచి తమ వాసనను అక్కడ విడుస్తాయి. శుభ్రంగా కడిగిన గూటిలో ఈ పని మళ్ళీ మొదటి నుండి మొదలవుతుంది కనుక, గూడు శుభ్రం చేసిన రోజున కొంత సందడి ఎక్కువగా కనిపించడం సహజం. తరువాతది నడక. పెద్దరికాన్ని కోరే ప్రాణి గొంతులో లోతైన గురగుర ధ్వని చేస్తూ, పిరుదులను ఇటూ అటూ ఊపుతూ, మందగతితో రెండవదాని చుట్టూ తిరుగుతుంది. మగది ఆడదాని ముందు చేసే ప్రణయనృత్యం కూడా ఇదే. ఆడవి కూడా పరస్పరం ఇలా నడుస్తాయి. ముఖ్యంగా సుమారు పదహారు రోజులకొకసారి వచ్చే ఎద సమయంలో ఇది అధికం. వీపు మీదికి ఎక్కడం కూడా అంతే. మగ మగ మీద, ఆడ ఆడ మీద ఎక్కడాన్ని చూచి యజమానులు తాము తెచ్చినవి ఆడవో మగవో అని సందేహపడుతుంటారు. అది చాలాసార్లు సంతానానికి సంబంధించినది కాక, వరుసకు సంబంధించిన మాట మాత్రమే.

ఇవన్నీ మెత్తని మాటలు. వీటి తరువాతి మెట్టులో రెండు ప్రాణులు ముక్కుకు ముక్కు ఎదురుగా నిలిచి తలలు పైకెత్తుతాయి. ఎవరి గడ్డం ఎక్కువ ఎత్తుకు లేస్తుందో వారిది పైచేయి. తల దించినది ఓటమిని అంగీకరించినట్లే. చాలా వివాదాలు ఒక్క దెబ్బ కూడా లేకుండా ఇక్కడే తీరిపోతాయి. తల దించకపోతే పండ్లు కొరకడం వినిపిస్తుంది. 'పండ్లు పటపట కొరికాడు' అని తెలుగులో కోపాన్ని వర్ణించే పలుకుబడి ఈ ప్రాణి విషయంలో అక్షరాలా నిజం. ఆవులింత మాత్రం చూపరులను మోసగిస్తుంది. నోరు బాగా తెరచి ముందుపండ్లు కనిపించేలా ఆవులించే గినీపంది నిద్రమత్తులో ఉన్నదని పొరబడకూడదు. ఎదురుగా మరొక ప్రాణి ఉన్నప్పుడు అది ఆయుధప్రదర్శన. మెడ మీది రోమాలు నిక్కబొడుచుకొంటే కోపం ఇంకా పెరిగినట్లు. ఆడదానికి ఒక ప్రత్యేకమైన ఆయుధం ఉన్నది. వెంటపడి విసిగించే మగదాని ముఖం మీదికి అది వెనుకకు మూత్రాన్ని చిమ్ముతుంది. ఎంతటి పెద్దరికం గల మగదైనా ఆ తిరస్కారం ముందు ఆగి ముఖం తుడుచుకోవలసిందే.

ఓడినది కూడా మౌనంగా ఉండదు. తరుముతున్నప్పుడు అది చేసే కీచుధ్వని యజమానికి ఆర్తనాదంగా వినిపిస్తుంది. నిజానికి చాలాసార్లు దాని అర్థం 'ఒప్పుకొంటున్నాను, ఇక వదులు' అని మాత్రమే. ఆ కేక వినగానే తరిమేది ఆగిపోతే అక్కడ భయపడవలసినది ఏమీ లేదు. మనుషుల చెవికి రెండు కేకలూ ఒక్కలాగే ఉండడం వల్లనే ఇంత అనర్థం జరుగుతున్నది. కేకను బట్టి కాక, కేక తరువాత ఏమి జరిగిందనే దానిని బట్టి నిర్ణయించడం మేలు.

ఆడవి మాత్రమే ఉన్న గూటిలో వరుస సాధారణంగా త్వరగా కుదురుతుంది. పెద్ద వయసు ఆడది ఒకటి పెత్తనం వహిస్తే మిగిలినవి దానిని అనుసరిస్తాయి. పెద్ద చిక్కు మగవాటి విషయంలోనే వస్తుంది. 'ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు' అనే సామెతను వీటికి అన్వయించి, రెండు మగ గినీపందులు కలిసి ఉండజాలవని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో ఎంత నిజమున్నదో తేల్చిన పరిశోధనలు జర్మనీలో జరిగాయి.

మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసిన నోర్బర్ట్ సాక్సర్, అతని సహచరులు కొన్ని దశాబ్దాల పాటు గినీపందుల సంఘజీవితాన్ని పరిశీలించారు. వారు ప్రవర్తనను కంటితో చూడడంతో తృప్తిపడలేదు. రక్తంలోని కార్టిసాల్ అనే హార్మోన్ పరిమాణాన్ని కూడా కొలిచారు. శరీరం ఒత్తిడికి గురి అయినప్పుడు ఈ హార్మోన్ పెరుగుతుంది. కంటికి ప్రశాంతంగా కనిపించే ప్రాణి లోపల ఎంత కలత చెందుతున్నదో దీని వలన తెలుస్తుంది.

వారి ప్రయోగాలలో ఒకటి విద్యార్థులందరూ తెలుసుకోదగినది. కొన్ని మగ గినీపందులు అన్ని వయసుల ఆడవీ మగవీ గల పెద్ద గుంపులో పెరిగాయి. మరికొన్ని ఏ ఇతర మగదానినీ చూడకుండా ఒక్క ఆడదాని తోడులో మాత్రమే పెరిగాయి. పెరిగి పెద్దవైన తరువాత, పరస్పరం పరిచయం లేని మగవాటిని ఒక కొత్త చోట కలిపారు. గుంపులో పెరిగినవి కొంతసేపు ఒకదానినొకటి పరీక్షించి, పెద్ద గొడవ లేకుండానే వరుస నిశ్చయించుకొన్నాయి. గెలిచినదానికి గాని ఓడినదానికి గాని ఒత్తిడి చెప్పుకోదగినంత పెరగలేదు. విడిగా పెరిగినవి తీవ్రంగా పోరాడాయి. వాటిలో ఓడినవాటి కార్టిసాల్ బాగా పెరిగింది, శరీరపు బరువు కూడా తగ్గింది. రెండు రకాల ప్రాణులూ ఒకే జాతివి, ఒకే వయసువి. తేడా అంతా పెంపకంలో ఉన్నది.

ఆ పెంపకంలో ఏమి జరుగుతుంది? పెద్ద గుంపులో ఉన్న కుర్ర మగది రెండు మూడు నెలల వయసుకు యౌవనం పొంది, ఆడవాటి వెంట తిరగడం ప్రారంభిస్తుంది. వెంటనే పెద్ద మగది దానిని తరుముతుంది. కుర్రది తప్పుకొంటుంది. మళ్ళీ ప్రయత్నిస్తుంది, మళ్ళీ తప్పుకొంటుంది. ఇటువంటి చిన్న ఘర్షణలలో అది ఎప్పుడు ముందుకు వెళ్ళాలో, ఎప్పుడు తల దించాలో నేర్చుకొంటుంది. దాదాపు పూర్తిగా ఎదిగేవరకు పెద్దవాటితో ఢీకొనకుండా తన వంతు కోసం వేచి ఉంటుంది. తల దించడం దానికి అవమానం కాదు, నేర్చుకొన్న విద్య. పెద్ద మగది లేని చోట పెరిగినదానికి ఆ విద్య చెప్పేవారు లేరు. అందువల్ల జీవితంలో మొదటిసారి సాటి మగదానిని చూచినప్పుడు దానికి తెలిసిన మార్గం ఒక్కటే, పోరాడడం. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఆ పరిశోధకులే తరువాతి కాలంలో ఈ రెండవ స్వభావాన్ని కేవలం లోపంగా భావించరాదని వివరించారు. ప్రాణులు పలుచగా ఉన్నచోట, తన ఒక్క జతను కాపాడుకోవలసిన మగదానికి ఆ దూకుడే ఉపయోగపడుతుంది. చిక్కు అంతా, ఒక పరిస్థితికి తయారైన ప్రాణిని మరొక పరిస్థితిలో పడవేసినప్పుడు వస్తుంది. దుకాణం నుండి వేరువేరుగా తెచ్చి ఒకే పంజరంలో పెట్టిన రెండు మగవాటి పరిస్థితి సరిగా ఇదే.

గుంపు పెరిగేకొద్దీ పోరాటాలు పెరగాలని ఎవరైనా ఊహిస్తారు. ఆ పరిశోధనలో అది కూడా తారుమారయింది. తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు మగవాటి మధ్య నిచ్చెన వంటి వరుస ఉండేది. అన్నిటికంటే పైనున్న మగదే ఆడవాటన్నిటికీ నాథుడు. సంఖ్య పెరిగి ఆవరణ కిక్కిరిసినప్పుడు ఆ ఏకచ్ఛత్రం విడిపోయి చిన్న చిన్న ఉపబృందాలు ఏర్పడ్డాయి. ఒక్కొక్క పెద్ద మగది కొన్ని ఆడవాటితో కలిసి ఒక్కొక్క భాగంలో స్థిరపడింది. ఒకరి బృందం జోలికి మరొకరు పోలేదు. కొట్లాటలు పెరగలేదు, ఒత్తిడి కూడా పెరగలేదు.

ఇందులో నుండి మరొక ప్రశ్న పుట్టింది. కలిసి తిరగడం, కలిసి మేయడం మాత్రమేనా, లేక ఈ ప్రాణుల మధ్య నిజమైన అనుబంధం కూడా ఉంటుందా? పరిశోధకులు ఒక మగదానిని పరిచయం లేని చోట కొంతసేపు ఒంటరిగా ఉంచారు. ఊహించినట్లే కార్టిసాల్ పెరిగింది. ఈసారి పరిచయం లేని ఆడదానితో ఉంచారు, ఫలితం మారలేదు. అదే గుంపులో కేవలం ముఖపరిచయం ఉన్న ఆడదానితో ఉంచినా పెద్దగా మారలేదు. చివరకు ఆ మగది తన గుంపులో ఎల్లప్పుడూ సన్నిహితంగా మెలగే ఆడదానితో ఉంచినప్పుడు ఒత్తిడి స్పష్టంగా తగ్గింది. తోడు ఉండడం ఒక్కటే చాలదు, ఆ తోడు ఎవరన్నది కూడా ఆ ప్రాణికి ముఖ్యమని దీని వలన తేలింది. ఏ జంటనైనా అనాలోచితంగా విడదీసేవారు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఒంటరి గినీపంది 'చక్కగా, నెమ్మదిగా' ఉన్నదని సంతోషించేవారు ఎక్కువమంది ఉన్నారు. ఆ నెమ్మది ఏమిటో అమెరికాలో తల్లి నుండి వేరు చేసిన పిల్లల మీద జరిగిన పరిశీలనలు కొంత తెలుపుతాయి. గినీపంది పిల్ల పుట్టుకతోనే ఒంటినిండా రోమాలతో, తెరచిన కళ్ళతో ఉంటుంది. తల్లి కడుపులో రెండు నెలలకు పైగా పెరిగి వస్తుంది కనుక, పుట్టిన కొద్ది గంటలలోనే పరుగెత్తుతుంది, ఒకటి రెండు రోజులలో గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. ఇంత స్వతంత్రంగా కనిపించే పిల్లను తల్లి నుండి వేరు చేసి కొత్తచోట ఉంచితే, మొదట కీచుకీచుమని ఆగకుండా పిలుస్తుంది. కొంతసేపటికి పిలుపు ఆగిపోతుంది. అప్పుడది ముడుచుకొని, కళ్ళు మూసుకొని, రోమాలు నిక్కబొడుచుకొని కూర్చొంటుంది. పిలుపు ఆగినది శాంతించడం వల్ల కాదు. ఇది పిల్లలకు సంబంధించిన విషయమే అయినా, నిశ్శబ్దాన్ని సుఖమని అనువదించేవారికి ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది.

ఈ జ్ఞానం చట్టానికి కూడా ఆధారమయింది. 2008లో అమలులోకి వచ్చిన స్విట్జర్లాండు జంతుసంరక్షణ నిబంధనల ప్రకారం గినీపందిని ఒంటరిగా పెంచరాదు, కనీసం రెండింటిని కలిపి పెంచాలి. ఈ నిబంధన విని ప్రపంచ పత్రికలు కొంత వింతగా వ్రాశాయి. నవ్వడానికి ముందు ఆ నిబంధన వెనుక ఉన్న పరిశీలనలను చదివి ఉంటే బాగుండేది.

హైదరాబాదు వంటి నగరాలలో కూడా పెంపుడు జంతువుల దుకాణాలలో ఇవి అమ్ముడవుతున్నాయి. ఇక్కడి పెంపకందారులకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఆడమగల గుర్తింపు. చిన్న వయసులో తేడా సులభంగా తెలియదు కనుక రెండు ఆడవని చెప్పి ఇచ్చినవాటిలో ఒకటి మగది కావడం, కొద్ది నెలలలో గూడు నిండిపోవడం తరచుగా జరుగుతుంది. మగ పిల్లలు మూడు నాలుగు వారాల వయసుకే సంతానసామర్థ్యం పొందే అవకాశం ఉన్నది. పశువైద్యుని చేత పరీక్ష చేయించడం ఒక్కటే నమ్మదగిన ఉపాయం. శస్త్రచికిత్సతో సంతానసామర్థ్యం తొలగించిన మగదానిని ఒకటి రెండు ఆడవాటితో ఉంచడం పూర్వపు కుటుంబరూపానికి దగ్గరగా ఉంటుంది. శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా కొన్ని వారాల వరకు దానిని ఆడవాటితో కలపరాదు. రెండు మగవి కూడా కలిసి జీవించగలవు, అయితే దగ్గరలో ఆడది ఉండకూడదు, చోటు విశాలంగా ఉండాలి. మూడు నెలల నుండి ఏడాది దాటేవరకు గల వయసు వాటికి కౌమారం వంటిది. ఆ కాలంలో నిన్న కుదిరిన వరుస నేడు మళ్ళీ చర్చకు రావచ్చు.

వరుస తగాదాలలో సగం మనుషులు కల్పించేవే అని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇరుకు పంజరం, ఒకే నీటి సీసా, ఒకే గడ్డి తొట్టి, ఒకే ద్వారం గల గూడు ఉన్నచోట పెద్దరికం పీడనగా మారుతుంది. ఒకే ద్వారం ఉన్నప్పుడు పెద్దది ఆ ద్వారం దగ్గర నిలిస్తే లోపలిది బందీ. రెండు ద్వారాలు ఉంటే అదే ప్రాణి రెండవ దారిలో బయటపడుతుంది, తగాదా అక్కడితో సరి. రెండు ప్రాణులకు కనీసం ఏడెనిమిది చదరపుటడుగుల నేల కావాలి, మగవైతే ఇంకా ఎక్కువ. గడ్డిని రెండు మూడు చోట్ల ఉంచాలి. తెలుగునాట వేసవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చల్లని కొండలలో పుట్టిన ఈ జాతికి ముప్పై డిగ్రీల వేడి సైతం ప్రమాదకరం. నలభై డిగ్రీలు దాటే రోహిణీకార్తెలో గూటిలో చల్లని మూల ఒక్కటే ఉంటే అది పెద్దదానికే దక్కుతుంది, చిన్నది వడదెబ్బకు గురి అవుతుంది. అటువంటి చోట చల్లని రాతిపలకలు రెండు ఉంచడం వలన చిన్నదాని ప్రాణం దక్కవచ్చు.

కొత్త ప్రాణిని తెచ్చినప్పుడు తిన్నగా పాతదాని గూటిలో వదలకూడదు. కొన్ని వారాలు వేరుగా ఉంచి, రోగం లేదని నిశ్చయించుకోవాలి. తరువాత ఇద్దరిలో ఎవరికీ చెందని చోట, నేల మీద, ఎండుగడ్డి కుప్పగా పోసి రెండింటినీ కలపాలి. గంటల తరబడి గురగురలు, తరుములాటలు, వీపు మీది ఎక్కుళ్ళు సాగుతాయి. మధ్యమధ్య రెండూ గడ్డి తినడానికి ఆగితే అది శుభసూచకం. యజమాని చేయవలసిన కష్టమైన పని చేతులు కట్టుకొని కూర్చోవడం. మాటిమాటికీ విడదీసి మళ్ళీ కలిపితే చర్చ ప్రతిసారీ మొదటి నుండి మొదలవుతుంది. అలాగని ప్రతి తగాదాను ఒప్పందమని సరిపెట్టుకోవడం కూడా తప్పు. రెండూ ఒకదానినొకటి పట్టుకొని బంతివలె దొర్లుతూ కరచుకొంటే, రక్తం కనిపిస్తే, వెంటనే వేరు చేయాలి. అప్పుడు ఒట్టి చేయి పెట్టకూడదు, మందపు తువ్వాలు వాటిపై వేయడం క్షేమం. ఒకటి మేత దగ్గరకు రావడానికే జంకి బరువు తగ్గిపోతున్నా ఆ జంట కుదరలేదనే అర్థం. వారానికొకసారి తూకం వేసేవారికి ఇది ముందే తెలుస్తుంది. అటువంటి జంటను పూర్తిగా ఎడబాపకుండా, మధ్య కమ్మీల తెర ఉంచి పక్కపక్క గూళ్ళలో పెడితే కనీసం వాసన, కూత అందుతాయి.

గినీపంది ఆయుర్దాయం సుమారు అయిదు నుండి ఎనిమిది సంవత్సరాలు. జంటలో ఒకటి ముందుగా పోవడం తప్పదు. మిగిలినదానికి కొత్త తోడు తెస్తే, కొంతకాలానికి ఆ తోడు ఒంటరిదవుతుంది. దానికి మరొక తోడు, దానికి ఇంకొకటి, ఈ గొలుసుకు అంతం కనిపించదు. ఇక పెంచదలచుకోని కుటుంబాలకు ఇది నిజమైన సంకటం. స్విట్జర్లాండులో దీనికి ఒక పరిష్కారం వార్తలకెక్కింది. ముసలి గినీపందికి తోడుగా మరొక గినీపందిని అద్దెకిచ్చి, ముసలిది కాలం చేసిన తరువాత తిరిగి తీసుకొనే ఏర్పాటు అది. అద్దెకు వచ్చిన ప్రాణి ఆ కొత్త గూటిలో కూడా మొదట వాసన చూస్తుంది, నడుము ఊపుతూ గురగురలాడుతుంది. ముసలిది తల ఎత్తుతుంది. కాసేపటికి రెండింటిలో ఒకటి తల దించుతుంది, ఆ తరువాత రెండూ గడ్డి దగ్గరకు వెళ్తాయి.